నాలుగో మడి

మర్రిగూడ అవతలి చెలకను
కంపదడి ఏసి నాలుగు మడులు చేసింది అండాలు.
"ఏందే, బర్రెలకు బడి పెడ్తున్నవా?"
గెట్టుకాడ నిలబడి నవ్విండు సోమనర్సయ్య.

ఆమె కొలబద్ద అరచెయ్యే.
గడ్డి జానెడున్నర లేస్తే తోలుడు,
నాలుగు వేళ్ల ఎత్తుకు దిగితే మలుపుడు.
ఇంకో పూట మేస్తయి గదా అంటే
"ఇంకో పూట వేర్లను మేస్తయి.
వేరే పోయినంక మొలకను ఎవడు అప్పిస్తడు?"

ఆ ఏడు మొగులు మొకం చాటేసింది.
సుక్కబర్రె దడి మీద మెడ పెట్టి
నాలుగో మడి దిక్కు చూస్కుంట ఒర్రింది.
నాకు పానం ఒప్పలే.
పచ్చటి గడ్డి కండ్ల ముందటనే ఉన్నది,
కొట్టంల దాణా సంచి అడుగంటింది.
రాత్రి లేచి నేనే దడి గుంజిన.

తెల్లారేసరికి మడి బోడగుండు.

అండాలు తిట్టలే.
పొక్కిలైన నేల మీద పెండ చెదరగొట్టుకుంట
వేళ్ల మీద లెక్కపెట్టింది:
ఇరవై ఎనిమిది దినాలు.
అన్ని దినాలు కొనుక్కొచ్చిన గడ్డి పైసలు
నా బీడీల లెక్కలకెళ్లి కోసింది.

ఇప్పుడు పాలకేంద్రం చీటీల
వెన్న ఏడు దాటుతున్నది.
దాణా దుకాణపాయన పేరు పెట్టి పిలుస్తుండు.
సోమనర్సయ్య రెండుసార్లొచ్చి
దడి పొడుగు అడుగులేసి కొలుసుకపోయిండు,
ఎందుకో చెప్పలే, మేమడగలే.

పొద్దుగూకంగ నేనొక్కన్నే
నాలుగో మడి అంచుల కూసుంట.
ఇంకా ఎవరూ మేయని గడ్డి కదులుతుంటది,
సప్పుడు చాన సన్నగ,
పొదుగుల పాలు దిగుతున్నట్టు.