పుల్లతో సహా

బెంగుళూరు నుంచి ఫోను.
మందులషాపు వాడిలా మెత్తగా
ఒక్కొక్కటీ అడుగుతున్నాడు:
అట్టపెట్టె మూలలు నలిగాయా?
పుస్తకం ఉందా, జపాను అక్షరాలది?
డిస్కుని వెలుగులో పెట్టి చూశారా, గీతలేమైనా?
పుల్ల ఉందా?
పుల్ల లేకపోతే మూడు వేలండి.
పుల్లతో సహా అయితే నలభై రెండు.

చేత్తో ఫోను మూసి నవ్వుకున్నాను.
గుంటూరులో పుట్టినదానికి బేరం కొత్తా?
యార్డులో దళారి గుప్పెడు కాయలు తీసి
తొడిమ విరిచి, ఎండకి పట్టి
ఒక్క తెల్లమచ్చ కనబడితే చాలు,
తాలు, అని పక్కకి నెట్టేస్తాడు.
నమిలి చూసినవాణ్ణి నేనెరగను.

బ్రాడీపేట నాలుగో లైనులో
ట్యూషను మేడ కింద నా గేముల కొట్టు.
తొంభై తొమ్మిది. గంటకి పదిహేను.
కుస్తీలకీ కార్లకీ పిల్లలు తోసుకునేవాళ్ళు.
ఇది మద్రాసు నుంచి దిగిన మూటలో
పొరపాటున వచ్చింది:
తెర మీద నల్లకోట్ల అరవైమంది,
ఫిడేళ్ళు, బాకాలు,
మన చేతికి తీగ కట్టిన తెల్ల పుల్ల.
ఊపితే వాయిస్తారు.
ఆపితే మన మొహం చూస్తారు.
“ఇందులో ఎవరూ చావరేందక్కా” అని
ఒకడు పుల్ల విసిరేసి పోయాడు.

ఆడింది కాశింసైదా మాస్టారు ఒక్కడే.
లాలాపేట బ్యాండు మేళంలో క్లారినెట్టు.
పెళ్ళికొడుకుని విడిదిలో దింపి
నేను షట్టరు సగం దించే వేళకి
వంగి లోపలికొచ్చేవాడు,
ఎర్రకోటు భుజాన జరీ ఊడి వేలాడుతూ
ఒంటి నిండా జనరేటరు వాసన.
పెళ్ళివాళ్ళు జేబుకి గుచ్చిన పదినోటు
పిన్నుతో సహా ఇచ్చి, ఐదు అప్పు పెట్టేవాడు.

మొదటి రాత్రి ఓడిపోయాడు. రెండో రాత్రీ.
తెర మీద ఫిడేలామె తల అడ్డంగా ఊపింది.
“నా మేళంలో నేను చెయ్యి ఊపిందెప్పుడమ్మాయ్?
రెండూ బొక్కల మీదే గదా.
కనుబొమ లేస్తే డ్రమ్మువాడికి తెలుసు,
మోకాలు వంగితే బాకావాడికి తెలుసు.
ఈళ్ళకి అట్టా కాదంట, చెయ్యే కావాలంట.
ముప్పయ్యేళ్ళకి నా చేతులు ఖాళీ అయినాయి,
ఏం చెయ్యాలో తెలవట్లా.”

గెలిచిన రాత్రి నేను చూడనేలేదు,
చిట్టా రాసుకుంటున్నాను.
చప్పట్లు వినబడి తలెత్తేసరికి
అరవైమందీ లేచి నిలబడి ఉన్నారు.
పుల్లని పళ్ళ మధ్య బిగించి
మాస్టారు కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు.
తర్వాత ఇటు తిరిగి వంగాడు,
నాకు, సగం దించిన షట్టరుకి,
దాని కింద ముడుచుకున్న కుక్కకి.

ఫోను చెవికి ఆనించాను.
పుల్ల మీద పంటిగాట్లున్నాయండి. నాలుగు.
అటునుంచి నిట్టూర్పు. “చిన్నపిల్లలా?”
కాదు, క్లారినెట్టు మనిషి.
నోటికి ఏది తగిలినా రీడనుకుంటాడు.
“అయితే పద్దెనిమిదండి.”
గాటుకి ఆరు వేలు.
ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడని అతను అడగలేదు.
పదేళ్ళుగా నేనూ ఎవర్నీ అడగలేదు.

ఇచ్చేశాను.
ఇవ్వలేదని రాస్తే బాగుండేది.
మూడు నెలల కరెంటు బిల్లు,
జిరాక్సు మిషనుకి డ్రమ్ము మార్చాలి,
మా లైనులో ఇప్పుడు మిగిలిన డ్రమ్ము అదొక్కటే.

అరండల్‌పేట కొరియరాఫీసులో
పెట్టె సర్ది, పుస్తకం సర్ది
బుడగల కవరు చుట్టబోతూ
ఎందుకో ఒక్కసారి పుల్ల పైకెత్తాను.
కవర్ల మీద దబదబా ముద్రలేస్తున్న కుర్రాడు
టక్కున ఆగిపోయాడు,
చెయ్యి గాల్లోనే ఉంచి
నా మొహం చూశాడు.

కానీయ్ బాబూ, అన్నాను.