కొడవండ్లు నూరిన రాయి

పరకాల తొవ్వల, మక్కచేను గట్టు మీద
అడ్డం పడ్డ శాసనం.
తడి కాగితం పరిచి, బ్రష్షుతోని కొట్టి, మసి అద్దితే
ఒక్కొక్కలే లేచిన్రు:

ఎఱకనాయకుని కొడుకు గుండయ,
తల్లి బాచమ.
తమ్ముడు మైలడు కయ్యంల పడ్డడు,
వానికి పుణ్యంగ చెరువు కింద మూడు మర్తురుల మడి.

ఎవలతోని కయ్యం? రాయి చెప్పదు.

నాలుగు వరుసలు దిగినంక
ఆలి కామసాని, ఆమె పుట్టిల్లు,
ఆమె తండ్రి బిరుదు:
'మైలని తలగొన్న గండడు'.

మసిబట్ట చేతిలనే ఆగింది.

ఆమె తొలిచూలు కొడుకు పేరు కూడా మైలడే.
బువ్వకు ఏ గొంతుతోని పిలిచేదో.
తర్వాతి బిడ్డలు
కొడవండ్ల నూరుడుకు అరిగిపోయిన్రు.

"ఏం రాసున్నది సారూ?" చేను ఆసామి.
"చుట్టరికాలు" అన్న.