ఐదు సున్నాలు

నర్సంపేట డిగ్రీ కాలేజి వెనక చెల్కల
నిన్న మాపటికి ఇరవై గ్లాసులు పాతినం,
ఎవలదో పెండ్లిల మిగిలినయి.
అంచు మట్టికి సమానంగ,
అడుగున రెండేళ్ల సబ్బునీళ్లు,
వాన పడకుండ మూడు రాళ్ల మీద పగిలిన పెంకు.

పొద్దుగాల మోకాళ్ల మీద వంగినం.
మొదటి దాంట్ల గండుచీమలు పదకొండు.
ఆరో దాంట్ల ఒక్క పేడపురుగు,
మునిగి గూడ మెరుస్తున్నది.
తొమ్మిదో దాన్ని మేక తాగిపోయింది.
"మేక ఒకటి అని రాయకుండ్రి"
నవ్వకుండనే అన్నడు సారంగపాణి సారు.

పత్తిచేను గెట్టు పొంటి ఐదు గ్లాసులు
నీల వంతు.
చేను వాళ్ల నాయినదే.
వంగి చూసింది.
సబ్బునీళ్లల్ల ఆకాశం, ఇంకేం లేదు.
ఐదింట్ల అంతే.
మొన్న మందు కొట్టిన పంపు
ఇంకా గెట్టు మీదనే ఉన్నది, బోర్ల.

"సున్నా గూడ లెక్కనే. రాయి బిడ్డా."
రాసింది,
ఒక్కోటి గ్లాసు మూతి తీరు గుండ్రంగ.

మర్లి వస్తుంటే తడిమట్టి మీద
ఎర్ర మఖ్మల్ చుక్క, ఆరుద్ర పురుగు.
ఎనిమిది కాళ్లదట,
మా పట్టికల దానికి గడి లేదు.

నీల కూసోని
దాని ముంగట అరచెయ్యి అడ్డం పెట్టింది,
చేను దిక్కు పోకుండ.