పూత లేని కాలంలో

పొన్నలూరు దాటాక, మన్నేరు ఇసకకి ఈవల
దున్నని నల్లరేగడి బీడు, నాలుగెకరాలు.
అంతే మిగిలింది. చుట్టూరా జామాయిల్.

మోకాళ్ల మీద కూచుని భూతద్దం తీశాను.
పుస్తకం మొదటి ప్రశ్నే పూత గురించి అడిగింది.
ఇది ఆషాఢం.
ఆకూ కాడా తప్ప
దీని దగ్గర చెప్పుకోడానికి ఏమీ లేదు.

సరే, తీసివేతలు మొదలెట్టాను.
నలిపి చూస్తే నిమ్మవాసన రాలేదు, కామంచి కాదు.
నిరుటి ముల్లొక్కటైనా చున్నీకి అంటలేదు,
పందిముళ్ల గడ్డీ కాదు.
కణుపు చుట్టూ తెల్లటి నూగు ఉంగరం లేదు.
మొదలు వేళ్ల మధ్య దొర్లించబోతే దొర్లదు, పలక.
ఆకు కాడని విడిచే చోట
ఉల్లిపొరలాంటిది ఏదో, మిల్లీమీటరు.
రాసుకున్నాను.
ఇన్ని కాదులు కలిపినా ఒక్క అవును కాలేదు.

"ఏంది పాపా, ముక్కుపుడక పడేసుకున్నావా?"

మాలకొండమ్మ. తలమీద తడి తువ్వాలు,
ముందు మూడు ఒంగోలు ఆవులు.
సంగతి చెప్పాను. నవ్వలేదు.
గడ్డి వైపు చూడనైనా చూడలేదు,
ఆవుల్లో పెద్దదాని వైపు చూసింది.
"ఉండు, అది చెప్పుద్ది."

పక్కనే గరిక ఉంది, దాటిపోయింది.
నేను గుర్తుకి పాతిన ఎర్రజెండా పుల్లని ముట్టెతో నెట్టి
కొలతలన్నీ తీసిన నా దుబ్బుని
నాలిక చుట్టి చర్రున తెంపింది.

"చెంగలి. మంచిదాన్నే పట్టుకున్నావులే.
మార్గశిరంలో రా,
బట్టీలో ఇటిక కాలినట్టు ఇదంతా ఎర్రబడుద్ది."
జామాయిల్ వైపు తిరిగి,
"ఉంటే" అంది.

మా కాగితంలో గుర్తించినవారు అని ఒక గడి ఉంటుంది.
పేరడిగాను.
"నాదెందుకు? దాంది రాయి. సీతాలు."
రాశాను. సారు కొట్టేస్తారు, తెలుసు.

కందుకూరు లాడ్జిలో
పాత పేపర్ల మధ్య మిగిలిన దుబ్బుని పరిచి
పైన మంచినీళ్ల డబ్బా ఎత్తాను.
మూడోనాడు విప్పితే
కాడ కిందినించి ఎరుపు పాకుతోంది,
తడి ఎంతవరకు పోయిందో అంతవరకే.

పుస్తకంలో ఆ ప్రశ్న ఎక్కడా లేదు.
పెన్సిలుతో అంచున రాసుకున్నాను:
ఎండనిస్తే చెప్పుద్ది.