ఊట

నరసాపురం కంటాసుపత్రి, మేడమీది గది.
ఎస్తేరుకు పదిహేడేళ్ళు.
నల్లగుడ్డు మీది అద్దం పలచబడి
అరటిపువ్వు మొనలా ముందుకు పొడుచుకొచ్చింది.
రేవులో ఒక్క దీపం మూడుగా కనిపిస్తుందట.

పైపొర గీకేస్తే మందు గబగబా దిగుతుంది,
మూడు రాత్రులు కంట్లో నిప్పులు.
ఈసారి గీకొద్దన్నారు డాక్టరుగారు.

రెండు నిమిషాలకో పచ్చటి చుక్క వేస్తున్నాను.
నీలి వెలుగు పడేలోగా అది లోపలి పోగుల్ని చేరాలి,
చేరితేనే ముళ్ళు పడేది.

లేసు అల్లుతూ వాళ్ళమ్మ అడిగింది:
"చిల్లి లేకుండా దారం ఎలా దూరుద్దండీ?"

నాకు తెలిసిన జవాబు మా చేలోది.
గట్టు ఎవరూ తెగ్గొట్టలేదు,
బోదెలో నీళ్ళు నిండుగా నిలబెట్టాం, అంతే.
తెల్లారేసరికి అవతలి మడిలో కాలు దిగబడింది.

కన్ను మడి కాదు, తెలుసు.
పొర సందులు వదులయ్యేలా మందులో ఏదో కలిపారు.
ఎంత వదులు?
ఎక్కువైతే గీకినట్టే.

నలభయ్యో నిమిషం. యంత్రం ముందు కూర్చోబెట్టి చూశాను.
పైన పచ్చగానే ఉంది.
లోపల, కంటినీటిలో, సన్నటి పచ్చతెర
ఉందా, నా ఆశా?

ఇంకో చుక్క.
వాళ్ళమ్మ కొక్కెం ముడి వేయకుండా
గాలిలోనే ఆగింది.