సున్నా దగ్గర ముల్లు

గుంటూరు కొత్తపేట సందులో, మందుల షాపుల వెనక,
నేల కింద గదిలో మా ఎమ్మారై.
పొద్దున ఆరింటికి నేనొచ్చేసరికి
చల్లబరిచే పంపు ఒక్కటే మాట్లాడుతుంటుంది
కిచకిచమని, గూట్లో పిట్టలా.

మొదటి పేషెంటు నీళ్ల బుడ్డి.
నవ్వకండి.
బల్ల మీద పడుకోబెట్టి, లోపలికి పంపి,
నిన్నటి తెలుపు ఇవాళా అంతే ఉందా అని చూస్తాను.
దానికి వయసు లేదు, భయం లేదు,
కదలదు.
అంత మంచి పేషెంటు మళ్లీ రోజంతా రాడు.

మార్చిలో వచ్చాడు గోరంట్ల పున్నారావు.
అరవై ఏడేళ్లు. మిర్చి యార్డులో కాయ చూసి రకం చెప్పే మనిషి.
చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడో లేదో
ముగ్గురం ఒకేసారి తుమ్మాం.
పీఎస్ఏ తొమ్మిది దాటింది.
బయట పదకొండు మంది.
మేనేజరు అద్దం అవతల నుంచి గడియారం వైపు వేలు చూపించాడు.

పేగులో గాలి.
ప్రోస్టేటు వెనక గోడకి ఆనుకుని ఒక నల్ల బుడగ,
దాని చుట్టూ బొమ్మంతా సాగిపోయి
వానకి తడిసిన పోస్టరులా.
నేను చూశాను.
చూశానని ఇవాళ రాస్తున్నాను.
లేపి, బాత్రూముకి పంపి, పావుగంట నడిపించి
మళ్లీ మొదలెట్టాల్సింది.
"అయిపోయింది పెద్దాయనా, దిగండి" అన్నాను.

ఎక్కడో ఎవరో అర్ధరాత్రి చదివి పంపిన రిపోర్టు:
అనుమానించదగినది ఏమీ లేదు.

లేదు.
దానికి ముందు నాలుగే నాలుగక్షరాలు చేరిస్తే
కనపడలేదు అయ్యేది.
ఆ నాలుగక్షరాలు ఎవరూ చేర్చలేదు గనక
ఆయన గుండెల నిండా గాలి పీల్చుకుని
అరడజను సపోటాలు కొనుక్కుని
ఏటుకూరు ఆటో ఎక్కాడు.

సెప్టెంబరుకి పీఎస్ఏ పద్నాలుగు.
అప్పటికి డాక్టర్ నఫీసా మా దగ్గర చేరారు.
పాత బొమ్మలు తెర మీద పెట్టి చాలాసేపు ఊరుకున్నారు.
"ఇది బాగుందనీ కాదు, బాలేదనీ కాదు.
చదవడానికి పనికిరాదని రాయాలి.
ఎవరు తీశారు?"
బళ్లోలా చెయ్యెత్తాను.

తిట్టలేదు. అది ఇంకా కష్టం.
రిజిస్టరులో స్కేలు పెట్టి కొత్త గడి గీశారు:
బొమ్మకి మార్కులు.
పాసవకపోతే రిపోర్టు బయటికి పోదు,
మేనేజరు ఎన్నిసార్లు డీజిలు లెక్క చెప్పినా సరే.

పున్నారావుకి నేనే చెప్పాను:
"మార్చిలో బొమ్మ చెడితే వదిలేసింది నేనే."
ఆయన గోళ్లలో ఎర్రదనం వైపు చూసుకున్నాడు కాసేపు.
"అమ్మాయ్, బస్తాలో పైన మేలుకాయ పరిచి
అడుగున తాలు పోస్తారు.
అందుకే మోచేతి దాకా చెయ్యి దూరుస్తా.
పై కాయ చూసి రేటు చెప్పిన రోజులు
నాకూ ఉన్నాయిలే."
క్షమించాడో లేదో తెలియదు. వెంటనే అడిగాడు:
"మా కాటాకి ఏటా ముద్ర వేస్తారు. మీ మిషనుకో?"
నీళ్ల బుడ్డి సంగతి చెప్పాను.
"ఓహో. సున్నా దగ్గర ముల్లు నిలబడిందా లేదా, అంతేగా."

ఈసారి ముందు రోజు నుంచే తేలిక తిండి,
పొద్దున ఎనిమా, కారిడార్లో ఇరవై చుట్లు,
పేగు కదలకుండా ఒక సూది,
చెవుల్లో దూది, చేతిలో గంట బుడగ.
ముప్పై ఎనిమిది నిమిషాలు.
బయట ఎవరో తలుపు తట్టారు, తియ్యలేదు.

అంచు తేటగా వచ్చింది, ఉల్లిపొరలా.
కుడి పక్క, వెనక వైపు, మినపగింజంత నలుపు.
ఇంకో వరసలో సరిగ్గా అదే చోట తెలుపు.
రెండు సాక్ష్యాలూ ఒకే మాట చెప్పాయి.
సూది ఎక్కడ గుచ్చాలో డాక్టరుగారు
ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టారు.

మార్చిలోనే ఉండేదా అని అడిగాను.
"తెలియదు" అన్నారు.
అదీ పూర్తి మాటే, కొరత లేకుండా.

ఇవాళ పొద్దున నీళ్ల బుడ్డి
నిన్నటికన్నా కాస్త మసకగా వచ్చింది.
రెండోసారి పెట్టాను, అంతే.
ఇంజనీరు తెనాలి దాటాడట.
బయట కుర్చీల్లో ముగ్గురు,
ఒకాయన పరగడుపున రేపల్లె నుంచి వచ్చాడు.
తలుపు తీసి ఏమని చెప్పాలో
గొళ్లెం మీద చెయ్యి వేసి ఆలోచిస్తున్నాను.