ఒక పేజీ రెండు రూపాయలు

కలిమెల సంతవీధిలో నాదొక జెరాక్స్ కొట్టు.
కరెంటు ఉన్నంతసేపే నేను పనికొచ్చేవాణ్ణి.

మొన్న వానలకు ముందు
నంబర్ల ఊళ్ల నుంచి జనం రావడం మొదలైంది.
ఎమ్.వి. నలభై, ఎమ్.వి. తొంభై ఒకటి –
అడవి నరికి గీసిన గీతల్లో
ఆనాడెవరో ఆఫీసరు వేసిన అంకెలు
పిల్లల నోళ్లలో నాని ఊళ్ల పేర్లయిపోయాయి.
అందరి చేతుల్లో ఒకటే నోటీసు:
ఎప్పుడొచ్చారు? ఎటునుంచి వచ్చారు? రుజువేది?

శైలబాల హల్దార్ బిస్కెట్ల డబ్బా తెరిచింది.
సరిహద్దు దగ్గర ఇచ్చిన స్లిప్పట.
బల్ల మీద పరిస్తే
సగం చెదలు తిన్నది,
సగం ఆమె తడిమి తడిమి అరగదీసింది.
నాన్న పేరులో ‘ని’ మిగిలింది.
సంవత్సరం ఉండాల్సిన చోట కన్నం.
అద్దం మీద బోర్లించి మూత వేశాను.
నా మెషిన్‌కి అబద్ధం రాదు,
కన్నాన్ని దాని నీడతో సహా అచ్చేసింది.

‘తొమ్మిదేళ్లు బాబూ నాకు. క్యాంపులో పాలపొడి కలిపి పోసేవాళ్లు.
ఆ వాసన చెబితే చాలదా?’

నలభై ఏళ్లు ఎండుచేపలమ్మి మా దగ్గర నేర్చిన తెలుగు.
బేరానికి తప్ప దేనికీ వాడనిది
ఆ పూట మొదటిసారి
బతిమాలడానికి వాడింది.

మా తాతా ఇక్కడివాడు కాదు.
కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని శబరి దాటాడు.
మోకాటిలోతు నీళ్లలో ఏ ఆఫీసరూ నిలబడి లేడు.
మాకు స్లిప్పు లేదు,
లేదేమని ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.
ఆ సంగతి ఆమెతో అనలేకపోయాను.
డబ్బులు మాత్రం వెనక్కిచ్చి
అట్టముక్క మీద రాసి కట్టాను:
నోటీసు కాయితాలకు ఇక్కడ డబ్బుల్లేవు.

ఆ అట్టముక్క చూసే కాబోలు
రిటైరైన ఒడియా మాస్టారు
గోనెసంచిలో పాత హాజరు పుస్తకాలు మోసుకొచ్చాడు.
బొద్దింకల్ని దులిపి ఒక్కో పేరూ గట్టిగా చదువుతుంటే
వీధిలో ముసలాళ్లు ‘ఉన్నాను సార్’ అన్నారు.
జీపు డ్రైవరు అప్పన్న మల్కన్‌గిరికి ఎక్కించుకున్నాడు అందరినీ,
‘పెట్రోలు సంగతి పంటలకి చూద్దాం’ అంటూ.

అక్కడ అడిగారు:
వీళ్లు రాకముందు నుంచీ ఉన్న సాక్షి కావాలి.

మేం ముఖాలు చూసుకున్నాం.
అంత పాతవాడు ఎవడున్నాడు మాలో?

వెనక గోడ దగ్గర మడకామి ఇర్మా లేచాడు.
నా కాళ్లు చల్లబడ్డాయి.
ఆమె ఊరు పడింది వాళ్ల నాన్న పోడు మీదే.
ముప్ఫై ఏళ్లుగా హద్దురాయి దగ్గర
ఆ రెండిళ్లకీ మాటల్లేవు, తిట్లే.

‘ఏ సంవత్సరమో నీకెట్లా తెలుసు?’

‘సామలు కోతకొచ్చినయి. కొయ్యనియ్యలే.
ఇప్పచెట్లు ఏడు పడగొట్టిరి, మావే.
ఎనక లారీల ఈళ్లు దిగిరి.
ఈమె జరంతోటి ఉండె. మా అమ్మ గంజి పోసె.
ఆ ఏడే తమ్ముడు పుట్టె, పాల్లేక పోయె.
రాసుకో.
నా నేల పోయిన దినం నేను తప్పు చెప్ప.’

గుమాస్తా కలం కాసేపు ఆగింది.
తర్వాత రాసింది.
ఇర్మా బొటనవేలు సిరాలో ముంచి
కాయితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా నొక్కాడు.

తీర్పు ఇంకా రాలేదు.
ఆ కాయితం నకలు నాలుగు నా సొరుగులో ఉన్నాయి,
చెదలమందు చల్లి.

ఆరోజు మెట్ల దగ్గర శైలబాల ఆయన కాళ్ల మీదికి వంగబోతే
కసిరాడు ఇర్మా:
‘తగవు తగవే. ఆ రాయి ఇటు జరపాలె.’
‘ఎంత?’
‘బారెడు.’
ఆమె ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని
సంతలో చేపలబుట్ట ముందు కూర్చున్న గొంతుతో అంది:
‘మూరెడు. ఆపైన కుదరదు.’

జీపులో కలిమెల దాకా
బేరం తెగలేదు.